పేగుల్లో వాపు ఉన్నవాళ్లు పండ్లు తినొచ్చా? తింటే ఏవి, ఎలా?

కొత్తగా_క్రోన్స్:
అందరికీ నమస్తే. ఈ మధ్యే కొలనోస్కోపీ చేసి క్రోన్స్ (పేగుల్లో ఏళ్ల తరబడి ఉండే వాపు జబ్బు) అని తేల్చారు, చిన్నపేగు చివర పెద్దపేగులో కలిసే చోట వాపు ఉందట. బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ క్యాప్సూల్స్ మొదలుపెట్టారు. తిండి గురించి అడిగితే "ఫైబర్ తగ్గించండి, మెత్తగా తినండి" అని ఒక్క ముక్క చెప్పి తర్వాతి పేషెంట్‌ని పిలిచేశారు. నాకేమో పండ్లంటే ప్రాణం. ఇంట్లో ఒకరు పండు ముట్టుకోవద్దంటారు, ఇంకొకరు పండ్లు తినకపోతే ఒంటికి రక్తం ఎలా పడుతుంది అంటారు, నెట్‌లో చూస్తే ఒక లిస్టులో యాపిల్ మంచిదని ఉంటుంది ఇంకో లిస్టులో అదే యాపిల్ విషం అని ఉంటుంది. యాపిల్ తొక్కతో తింటే నాకు కడుపులో మెలిపెట్టింది, అరటిపండు మాత్రం ఏమీ చేయలేదు. అసలు దీనికి ఒక లెక్కంటూ ఉందా, లేక ఎవరి ఖర్మ వాళ్లదేనా?

యూసీ_పాతకాపు:
లెక్క ఉంది, కానీ పండు పేరు మీద కాదు. ముందు రెండు విషయాలు చెప్పండి. ఇప్పుడు ఫ్లేర్‌లో ఉన్నారా (లూజ్ మోషన్స్, నొప్పి, రక్తం) లేక కాస్త సర్దుకుందా? రెండోది, పేగు ఎక్కడైనా ఇరుకైందని, స్ట్రిక్చర్ ఉందని ఎవరైనా చెప్పారా? ఈ రెండూ తెలీకుండా ఇక్కడ ఎవరు ఏ లిస్టు ఇచ్చినా చీకట్లో రాయి వేసినట్టే.

రసాలతో_రోగనాశనం:
ఇంత ఆలోచన ఎందుకండీ. పది రోజులు ఘనాహారం పూర్తిగా మానేసి పండ్ల రసాలు మాత్రమే తాగండి, పేగులు కడిగినట్టు శుభ్రం అవుతాయి, వాపు దానంతటదే పోతుంది. రసంలో పీచు ఉండదు కదా, పేగుకి రెస్ట్.

తొక్క_తీసేవాడు:
పైన రసాలాయన చెప్పింది దయచేసి చేయకండి. పీచు ఉండదన్నంత వరకు నిజమే. కానీ ఒక గ్లాసు రసం అంటే మూడు నాలుగు పండ్ల చక్కెర ఒకేసారి ఖాళీ పేగులోకి దిగడం. ఆ చక్కెర మొత్తాన్ని వాపుతో ఉన్న పేగు పీల్చుకోలేదు, మిగిలింది నీళ్లని పేగులోకి లాక్కుంటుంది, దాంతో మోషన్స్ ఇంకా పెరుగుతాయి. పైగా మనలో చాలామంది స్టెరాయిడ్స్ మీద ఉంటాం, ప్రెడ్నిసొలోన్‌కి షుగర్ పెంచే గుణం ఎలాగూ ఉంది, దాని మీద ఈ రసాలు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. రసం మీదే బతికితే ప్రోటీన్ ఎక్కడినుంచి వస్తుంది? ఫ్లేర్‌లో ముందు కరిగేది కండ. ఆ టైంలో ప్రోటీన్ మానేయమనడం వైద్యం కాదు.

రసాలతో_రోగనాశనం:
నాకు తగ్గింది, అందుకే చెప్పా. అల్లోపతి వాళ్లకి ఇవి నచ్చవు.

ప్లేటులో_ఏముంది:
నేను డైటీషియన్‌ని, ఆసుపత్రిలో ఈ పేషెంట్లనే ఎక్కువ చూస్తాను. "పూర్తిగా ద్రవాహారం మీద పెట్టడం" అనే ట్రీట్‌మెంట్ క్రోన్స్‌కి నిజంగానే ఉంది, ముఖ్యంగా పిల్లలకి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇస్తారు. కానీ అందులో ఇచ్చేది పండ్ల రసం కాదు, ప్రోటీన్, కొవ్వు, విటమిన్లు, ఖనిజాలు అన్నీ లెక్కగా కలిపిన ఫార్ములా, అదీ డాక్టర్ చూపు కింద. ఈ రెండిటినీ ఒకటే అనుకోవడం వల్ల మనుషులు చిక్కి సగమై మా దగ్గరికి వస్తుంటారు.

ఇక అసలు ప్రశ్న. పండులో మనకి ఇబ్బంది పెట్టేవి రెండు రకాలు, వాటిని విడదీసి చూడాలి. ఒకటి పీచు. పీచులో మళ్లీ రెండు. తొక్క, గింజలు, తొనల మీద పొర, నారలాంటివి నీళ్లలో కరగవు, అరగవు, వెళ్లినవి వెళ్లినట్టే పోతాయి, పుండ్లు పడ్డ పేగుని రాసుకుంటూ పోతాయి, ఇరుకు ఉంటే అక్కడ పోగుపడతాయి. లోపలి గుజ్జులో ఉండే పెక్టిన్ లాంటిది నీళ్లని పట్టుకుని జిగురుగా మారుతుంది, మోషన్‌ని కాస్త గట్టిపరుస్తుంది. దాన్ని పెద్దపేగులో బాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లం తయారుచేస్తాయి, పెద్దపేగు లోపలి పొర కణాలకి ముఖ్యమైన ఆహారం అదే. అంటే ఒకే యాపిల్‌లో పనికొచ్చేదీ ఉంది, బాధపెట్టేదీ ఉంది. మీరు చూసిన రెండు లిస్టులూ అందుకే కొట్టుకుంటున్నాయి. మీడియం సైజు యాపిల్ తొక్కతో తింటే 4 గ్రాముల పైన పీచు, తొక్క తీస్తే దాదాపు సగం.

రెండో రకం చక్కెరలు. యాపిల్, బేరి, చెర్రీ, ప్లమ్‌లలో సార్బిటాల్ ఉంటుంది, మామిడిలో, పుచ్చకాయలో గ్లూకోజ్ కంటే ఫ్రక్టోజ్ ఎక్కువ. ఇవి కొందరికి చిన్నపేగులో సరిగా పీల్చుకోబడవు, గ్యాస్, ఉబ్బరం, నీళ్ల మోషన్. ఇది వాపు కాదు. ఎంత బాధపెట్టినా పేగుకి కొత్తగా గాయం చేయదు. బాధ వేరు, వాపు వేరు, ఈ తేడా పట్టుకుంటే సగం భయం పోతుంది.

గ్యాస్_గంగులు:
మేడం నాదీ ఇదే కథ. నాకు ఐబీఎస్ (పేగు పనితీరు గాడి తప్పడం) అన్నారు, ఐబీడీ (క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ లాంటి పేగు వాపు జబ్బులు) కాదు. నేను కూడా తొక్కలు తీసేయాలా?

ప్లేటులో_ఏముంది:
మీది వేరండీ. ఐబీఎస్‌లో పేగు లోపల పుండ్లు, వాపు ఉండవు, మీకు తొక్క కంటే ఆ చక్కెరల గొడవే ఎక్కువ. ఆస్ట్రేలియాలో మోనాష్ యూనివర్సిటీ వాళ్లు పెట్టిన ఫాడ్‌మ్యాప్ పద్ధతి, అంటే పేగు సరిగా పీల్చుకోని ఇలాంటి చక్కెరల్ని తగ్గించి తినడం, మీలాంటి వాళ్ల కోసమే. అది కూడా జీవితాంతం కాదు, కొన్ని వారాలు తగ్గించి మళ్లీ ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోవాలి. ఐబీడీ వాళ్లకి కూడా వాపు తగ్గాక ఉబ్బరం మిగిలిపోతే దాన్ని వాడతాం, బాధ తగ్గుతుంది, వాపు మీద మాత్రం అది పనిచేయదు. ఏది ఏదో తేల్చుకోవాలంటే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ టెస్ట్ ఉంది. వాపు ఉంటే ఆ నంబర్ పెరుగుతుంది, పండు పడక వచ్చిన గ్యాస్‌కి పెరగదు.

కొత్తగా_క్రోన్స్:
ఫ్లేర్‌లోనే ఉన్నానండి, రోజుకి ఐదారు సార్లు వెళ్తున్నా. ఇరుకు సంగతి తెలీదు, ఎంఆర్ ఎంటరోగ్రఫీ అని పేగుల స్కాన్ రాశారు, వచ్చే వారం. అంతవరకు అరటిపండు మీద బతకమంటారా?

యూసీ_పాతకాపు:
స్కాన్ రిజల్ట్ వచ్చేదాకా ఇరుకు ఉందనే అనుకుని తినండి. తొక్క వద్దు, గింజ వద్దు, పొర వద్దు, ఎండు పండ్లు అసలే వద్దు. కిస్‌మిస్, ఎండు ఆప్రికాట్ లోపలికి వెళ్లాక నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, సరిగా నమలకపోతే ఇరుకులో బిరడాలా కూర్చుంటాయి.

అరటిపండు మంచిదే, మోషన్స్‌లో పోయే పొటాషియం కొంత తిరిగొస్తుంది, ఒక మీడియం పండులో 400 మిల్లీగ్రాముల పైనే. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగి తినాలి. అరటిలో కూడా పచ్చిగా ఉన్నదానికీ మగ్గినదానికీ తేడా ఉంది. పచ్చగా గట్టిగా ఉన్నదాంట్లో అరగని పిండి ఎక్కువ, బాగా మగ్గి మచ్చలు పడ్డదాంట్లో కొందరికి గ్యాస్ తెచ్చే ఫ్రక్టాన్లు ఎక్కువ. నేను మధ్యలో పడతా, తొక్క మొత్తం పసుపు తిరిగి మచ్చలు ఇంకా రానిది.

బ్యాగుతో_బిందాస్:
ఇరుకు గురించి తేలిగ్గా తీసుకోవద్దు. నాకు ఇలియోస్టమీ (చిన్నపేగు చివరని పొట్ట బయటికి తెచ్చి బ్యాగు పెట్టడం) ఉంది కాబట్టి ఈ బ్లాకేజీ భాష నాకు బాగా తెలుసు. మా బ్యాచ్‌లో ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేది కమలాపండు తొనల మీద పొర, అనాసలో నార, కొబ్బరి, ఎండు పండ్లు. కమలాపండు తినాలనిపిస్తే నేను చేసేది చెప్తా. పై తొక్క చేత్తో ఒలవను, పండు రెండు చివర్లు కోసి నిలబెట్టి కత్తితో పైనుంచి కిందకి తెల్లటి పొరతో సహా చెక్కేస్తాను. తర్వాత ప్రతి తొనకీ అటు ఒక గాటు ఇటు ఒక గాటు పెడితే పొర పండుకే అంటుకుని ఉండిపోతుంది, లోపలి గుజ్జు ఒక్కటే జారి గిన్నెలో పడుతుంది. చెయ్యంతా రసం అవుతుంది, పని ఎక్కువే, కానీ తినేది నోట్లో వేసుకోగానే కరిగిపోతుంది. మిగిలిన పొరల గుత్తిని ఇంట్లో వాళ్లకి ఇచ్చేస్తా, వాళ్లకి పేగులు బాగానే ఉన్నాయిగా.

ఆపరేషన్ అయిన మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇంకా జాగ్రత్త, అప్పుడు స్టోమా, అంటే పొట్ట మీద పేగు తెరుచుకునే చోటు, వాచి ఉంటుంది.

రాత్రిడ్యూటీ_సిస్టర్:
బ్లాకేజీ అన్నారు కాబట్టి ఒకటి కలుపుతా. పండో ఇంకోటో తిన్నాక అలలు అలలుగా మెలిపెట్టే నొప్పి, పొట్ట బిగుసుకుపోయి ఉబ్బడం, వాంతులు, గ్యాస్ కూడా బయటికి పోకపోవడం, ఇవి కలిసి వస్తే ఫోరంలో పోస్ట్ పెట్టి రిప్లై కోసం కూర్చోకండి. తిండి ఆపేసి ఎమర్జెన్సీకి వెళ్లండి. విరేచనాల మందు వేసుకుంటే పోతుందనుకుని ఇంట్లోనే సొంతంగా వేసుకునేవాళ్లు ఉన్నారు, ఇరుకు ఉన్న పేగు మీద అది ప్రమాదం.

మావాడికోసం:
మా అబ్బాయికి క్రోన్స్, స్కూలుకి వెళ్తాడు. వాళ్ల డాక్టర్ గారు సీడీఈడీ అనే డైట్ పెట్టారు, క్రోన్స్ డిసీజ్ ఎక్స్‌క్లూజన్ డైట్ అంట, ఫార్ములా సగం తిండి సగం. అందులో విచిత్రంగా మొదటి దశలోనే రోజూ అరటిపండు, తొక్క తీసిన యాపిల్ తినాల్సిందే అని ఉంది! నేను అప్పటిదాకా పండు చూపిస్తేనే భయపడేదాన్ని. బయట దొరికే ప్యాకెట్ తిండి పూర్తిగా బంద్, పండు మాత్రం కంపల్సరీ. ఇది ఎవరైనా వివరిస్తారా?

ప్లేటులో_ఏముంది:
ఆ డైట్ మీద పిల్లల్లో చేసిన ట్రయల్ 2019లో వచ్చింది. అందులో యాపిల్, అరటి పెట్టింది ఆ పెక్టిన్, మెత్తటి పీచు కోసమే, బాక్టీరియాకి తిండి ఉండాలి కదా. తీసేసింది ప్రాసెస్ చేసిన తిండిని, ఎమల్సిఫయర్లని (నూనె, నీళ్లు విడిపోకుండా ప్యాకెట్ తిండిలో కలిపేవి). 2020లో ఐబీడీ మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం ఇచ్చిన సలహాలో కూడా క్రోన్స్ వాళ్లు ఇరుకు లేనంతవరకు పండ్లూ కూరగాయలూ పెంచుకోవచ్చనే ఉంది. ఇంకా వెనక్కి వెళ్తే 2013లో అమెరికా నర్సుల మీద ఏళ్ల తరబడి నడిపిన పెద్ద స్టడీలో, పీచు బాగా తిన్నవాళ్లలో, ముఖ్యంగా పండ్ల పీచు, క్రోన్స్ రావడం దాదాపు 40 శాతం తక్కువగా కనిపించింది. అల్సరేటివ్ కొలైటిస్‌కి (పెద్దపేగులో వాపు, పుండ్లు పడే జబ్బు) అలాంటి సంబంధం కనబడలేదు. అది జబ్బు రాకముందు సంగతి, వచ్చాక తగ్గిస్తుందని కాదు. కానీ పండుని శత్రువుగా చూసే కాలం పోయింది. పాత రోజుల్లో "తక్కువ పీచు" అని కాగితం మీద రాసిస్తే పేషెంట్ దాన్ని జీవితాంతం పాటించేవాడు, ఫ్లేర్ తగ్గి ఏళ్లయినా అన్నం పెరుగు బిస్కెట్ల మీదే ఉండేవాడు. నాకు బాగా కోపం తెప్పించేది అదే. ఆ కాగితం మీద ఎప్పటిదాకా అన్నది ఎవరూ రాయరు.

తొక్క_తీసేవాడు:
+1. నేనూ అలాగే ఉన్నా, ఎవరూ ఆపమనలేదు కాబట్టి మొదలుపెట్టలేదు. చివరికి చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే విటమిన్ సి తక్కువైందని డెంటిస్ట్ పట్టుకుంది, గ్యాస్ట్రో డాక్టర్ కాదు. ఆ తర్వాతే పండ్లలోకి తిరిగి వచ్చా. కొత్తగా_క్రోన్స్ గారికి నా యాపిల్ పద్ధతి: తొక్క తీసి, మధ్యలో గింజల గూడు మొత్తం, ఆ గట్టి పొరలతో సహా తీసేసి, చిన్న ముక్కలు కోసి, అడుగు తడిసేంత నీళ్లు పోసి మూతపెట్టి సన్నటి మంట మీద ఉంచండి. చెంచా వెనక భాగంతో నొక్కితే ఎదురు తిరక్కుండా నలిగిపోవాలి, నలిగినా లోపల పలుకు తగిలితే ఇంకా కాలేదు. అప్పుడు స్ట్రైనర్‌లో వేసి రుద్దితే కిందికి వచ్చేది పేస్ట్, పైన మిగిలే చెత్త చూస్తే ఇదంతానా నేను మింగేది అనిపిస్తుంది. చక్కెర వేయొద్దు. బేరిపండు కూడా ఇలాగే, కానీ సార్బిటాల్ యాపిల్ కంటే దాంట్లోనే ఎక్కువ, తక్కువతో మొదలుపెట్టండి.

కొత్తగా_క్రోన్స్:
అబ్బ ఇది బాగుంది. ఎంత తినాలి ఒకసారికి? ఖాళీ కడుపున తినొచ్చా? బొప్పాయి పేగుకి మందు అంటారు నిజమేనా? ఖర్బూజా?

యూసీ_పాతకాపు:
రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టండి, అదీ వేరే ఏదైనా తిన్నాక. ఒకేసారి రెండు కొత్త పండ్లు మొదలుపెట్టకండి, కడుపు గొడవ చేస్తే ఎవరి పనో తెలీదు. రెండు మూడు రోజులు ఒకటే తిని చూసి, పడితే కాస్త పెంచి, తర్వాత ఇంకోటి. నోట్‌బుక్‌లో ఏం తిన్నారో దాంతో పాటు పండు ఎలా తిన్నారో కూడా రాయండి, "యాపిల్ పడలేదు" అని రాస్తే పనికిరాదు, "యాపిల్ తొక్కతో, పచ్చిగా, ఖాళీ కడుపున" అని రాస్తే పనికొస్తుంది.

బొప్పాయి మగ్గినది మెత్తగా ఉంటుంది, గింజలు తేలిగ్గా పోతాయి, చాలామందికి పడుతుంది. మందు మాత్రం కాదు. పపైన్ అనే ఎంజైమ్ గురించి చెప్తారు, అది ప్రోటీన్‌ని విడగొడుతుంది అంతే, అది కూడా పచ్చి కాయ పాలలో ఎక్కువ.

రాత్రిడ్యూటీ_సిస్టర్:
ఖర్బూజా మెత్తటిదే, గింజలు తీసేస్తే పీచు పరంగా ఇబ్బంది తక్కువ. కానీ దాంతో వేరే తంటా ఉంది. ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లు, అజాథయోప్రిన్, ఇన్ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్, స్టెరాయిడ్స్ లాంటివి, పండు ఎలాంటిది అన్నదానితో పాటు ఎంత శుభ్రంగా ఉంది అన్నదీ చూసుకోవాలి. ఖర్బూజా పై తొక్క గరుగ్గా వలలా ఉంటుంది, మట్టి, సూక్ష్మక్రిములు అందులో ఇరుక్కుంటాయి, కడక్కుండా కోస్తే కత్తే వాటిని లోపలి గుజ్జులోకి మోసుకెళ్తుంది. 2011లో అమెరికాలో ఖర్బూజాల ద్వారా లిస్టీరియా అనే బాక్టీరియా పాకి 147 మంది జబ్బుపడ్డారు, 33 మంది చనిపోయారు. కోసే ముందు పండుని కుళాయి ధార కింద బ్రష్‌తో రుద్ది, తుడిచి, అప్పుడు కోయండి. సబ్బు వద్దు. కోసినదాన్ని రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. బయట ముందే కోసి పెట్టిన ముక్కలు, ఇలాంటి మందులు వాడేవాళ్లు దూరంగా ఉంటేనే మంచిది. తొక్క తీసి తినే పండైనా సరే ముందు కడగాలి.

గ్యాస్_గంగులు:
ఎర్ర గుజ్జు ఉండే డ్రాగన్ ఫ్రూట్ తిని మర్నాడు టాయిలెట్‌లో ఎర్రగా చూసి నా పై ప్రాణాలు పైకే పోయాయి 😂 రక్తం అనుకున్నా

యూసీ_పాతకాపు:
గంగులు గారూ నవ్వొచ్చింది కానీ ఇది నిజంగా చెప్పాల్సిన విషయమే. కొలైటిస్ వాళ్లు ఎరుపు చూస్తే ఫ్లేర్ అనుకుని స్టెరాయిడ్ డోస్ తామే పెంచేసుకుంటారు. ఎర్ర డ్రాగన్ ఫ్రూట్, బీట్‌రూట్ రెండూ రంగు వదులుతాయి. ముందు రోజు ఏం తిన్నామో గుర్తు చేసుకోవాలి, తినకుండానే ఎరుపు ఉంటే, లేదా రెండో రోజు కూడా ఉంటే డాక్టర్‌కి ఫోన్.

ఇనుము_తక్కువ:
పండ్లు తినకపోతే రక్తం ఎలా పడుతుంది అన్నారు కదా ఇంట్లో వాళ్లు. నాకు హిమోగ్లోబిన్ ఎప్పుడూ అడుగునే. పండ్లలో ఇనుము గొప్పగా ఉండదు, విటమిన్ సి ఉన్న పండు మాత్రం తిండిలోని ఇనుముని ఒంటికి పట్టేలా చేస్తుంది, అంతవరకే. వాపు బాగా ఉన్నప్పుడు నోటి ద్వారా వేసుకున్న ఐరన్ సరిగా పట్టదు, వాపు ఉంటే ఒళ్లే దాన్ని అడ్డుకుంటుంది, అందుకే నాకు సెలైన్‌లో ఎక్కించారు. కాబట్టి దానిమ్మ గింజలు మింగి రక్తం పెంచుకుందామని ఫ్లేర్‌లో ప్రయత్నించకండి, ఆ గింజలు మన పరిస్థితికి అస్సలు కుదరవు.

మోడరేటర్:
రసాలతో_రోగనాశనం గారూ, మందులు ఆపేయమని మీరు రాసిన రెండు పోస్టులు తీసేశాం. మీ అనుభవం రాసుకోండి, ఇతరులకి మందు ఆపమని చెప్పడం ఇక్కడ కుదరదు.

కొత్తగా_క్రోన్స్:
స్కాన్ వచ్చింది. వాపు ఉంది కానీ గట్టిపడిన ఇరుకు లేదన్నారు. వండిన యాపిల్ పడింది, బొప్పాయి పడింది, కమలాపండు ఆ కత్తి పద్ధతిలో ట్రై చేశా, సగం గుజ్జు కత్తికే పోయింది గానీ కడుపు ఏమీ అనలేదు. ద్రాక్ష ఎప్పుడు తినొచ్చు? ఇంకోటి, మా ఆఫీసులో ఒకాయన గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు, కమలా జాతి పండు) జ్యూస్ వాపుకి మంచిదని రోజూ ఒక బాటిల్ ఇస్తున్నాడు, కాస్త చేదుగా ఉంది, తాగేస్తున్నా.

ప్లేటులో_ఏముంది:
ఆగండాగండి. గ్రేప్‌ఫ్రూట్ వెంటనే ఆపేయండి, ఎన్ని రోజులు తాగారో మీ డాక్టర్‌కి చెప్పండి. మీరు బుడెసొనైడ్ మీద ఉన్నానన్నారు. ఆ మందుని ఒంట్లో విరగ్గొట్టే ఎంజైమ్‌ని గ్రేప్‌ఫ్రూట్ అడ్డుకుంటుంది, మందు రక్తంలోకి మామూలు కంటే ఎక్కువ చేరుతుంది, స్టెరాయిడ్ సైడ్ ఎఫెక్ట్స్ పెరుగుతాయి. టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్, ఉపాడాసిటినిబ్ వాడేవాళ్లకి కూడా ఇదే మాట. పండైనా జ్యూసైనా ఒకటే, పొద్దున తాగి రాత్రి మందు వేసుకుంటా అన్నా కుదరదు, దాని ప్రభావం ఒక రోజు పైనే ఉంటుంది. మామూలు కమలాపండుతో ఈ గొడవ లేదు.

ద్రాక్ష మోషన్స్ తగ్గి నొప్పి లేకుండా కొన్నాళ్లు గడిచాక. గింజ లేనివి, మొదట్లో తొక్క ఒలిచి, నాలుగైదు. అవి పడితే తొక్కతో రెండు, బాగా నమిలి.

కొత్తగా_క్రోన్స్:
డాక్టర్‌కి ఫోన్ చేశా, ఆపమనే అన్నారు. ముందే ఎవరూ చెప్పలేదు ఇది! థాంక్స్ మేడం.

మావాడికోసం:
అందరూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా, స్ట్రాబెర్రీకి గింజలు బయటే ఉంటాయి కదా, మావాడు ఒకటే గోల, ఎలా పెట్టాలి?

తొక్క_తీసేవాడు:
వాళ్ల డైట్ షీట్‌లో ఏ దశలో ఉందో ముందు చూడండి, ఉంటే మిక్సీ పట్టి సన్నటి జల్లెడలో వడకట్టండి. గింజలు మిక్సీలో నలగవు, జల్లెడలోనే ఆగుతాయి.